కాలవ సాయెబు చివరి మీటింగు

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరుగానీ, మా కాలంలో ఒక ఆడపిల్ల ఆఫీసులో కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఆ వింత చూడటానికి జనం పని కల్పించుకుని మరీ వచ్చేవాళ్ళు. నేను నెల్లూరులో టైపు నేర్చుకుని మా ఊరి మునిసిపాలిటీలో టైపిస్టుగా చేరిన కొత్తలో అట్లా వచ్చినవాళ్ళు చాలామంది, వచ్చినందుకు సిగ్గుపడి ఇంటిపన్ను కట్టేసి పోయేవాళ్ళు. "మీ అమ్మాయి చేరినాక వసూళ్ళు బాగున్నాయండీ" అని మా కమిషనరుగారు మా నాన్నతో అన్నారట. మా నాన్న మిషను బడిలో పంతులు. ఆ మాటకు సంతోషించాలో బాధపడాలో తెలియక ఆ రాత్రి ప్రార్థన కాస్త పొడుగ్గా చేశాడు. (ఊరి పేరు చెప్పను. బోగోలుకు మరీ దూరం కాదు, సముద్రానికి మరీ దగ్గర అనుకోండి చాలు. అప్పటి ఛైర్మన్‌గారి మనవలు ఇంకా అక్కడే ఉన్నారు, నెమ్మదస్తులు.) ఆ ఉద్యోగం తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది టైపు మిషను చప్పుడు కాదు, వాన చప్పుడు. పంచాయతీ పోయి మునిసిపాలిటీ వచ్చిందని ఊరంతా తోరణాలు కట్టారు గానీ, కార్తీక మాసం రాగానే పాత పంచాయతీ బురదే కొత్త మునిసిపాలిటీ బురదగా మళ్ళీ హాజరయ్యేది.

కౌన్సిలు మీటింగుల్లో ఒక మూల చిన్న బల్ల వేసి నన్ను కూర్చోబెట్టేవాళ్ళు, ఎవరేమన్నదీ రాసుకుని తర్వాత టైపు చెయ్యడానికి. అక్కడ చూశాను కాలవ సాయెబును. ఆయన దూది ఏకి పరుపులు కుట్టే మనిషి. ఆయన వీధిలో అందరిదీ అదే పని. ఆ వీధి ఊరి చెరువుకూ సముద్రపు వాగుకూ మధ్య పళ్ళెంలాగా ఉండేది. చెరువు నిండి అలుగు (మా వైపు కలుజు అంటాం) పారితే పైనుంచి నీళ్ళు, సముద్రం పోటెక్కితే కిందినుంచి నీళ్ళు. దూది ఒకసారి తడిసిందంటే ఇక అది దేనికీ పనికిరాదు. ఆ నీళ్ళు పోవడానికి ఒక కాలవ తవ్వించమని అడగడానికే ఆయన ఎన్నికల్లో నిలబడ్డాడు, గెలిచాడు, గెలిచినప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాడు. అజెండాలో ఏమున్నా సరే, కబేళా పైకప్పు అయినా కుక్కల బెడద అయినా, లేచి దగ్గి గొంతు సవరించుకుని, "అధ్యక్షా, దానికంటే ముందు కాలవ" అనేవాడు. ఒకసారి ఎవరో పెద్దమనిషి పోయాడని అందరం లేచి మౌనంగా నిలబడ్డాం. మౌనం అయిపోయి అందరూ కూర్చున్నా ఆయన కూర్చోలేదు. "ఎట్టాగూ నిలబడినాను గదా అధ్యక్షా, ఆ కాలవ సంగతి..." అన్నాడు. సభ పగలబడి నవ్వింది. నేనూ పైట కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను.

మా ఛైర్మన్‌గారికి ఒక రైసు మిల్లు, ఒక పెద్ద మీసం, ఒక మాట ఉండేవి. ఆ మాట "పరిశీలిస్తాం". ఆయన మనసంతా ఊరి మధ్య కట్టించే పార్కు మీదా, అందులో పెట్టించబోయే ఫౌంటెను మీదా ఉండేది. (వానాకాలంలో నడుముల్లోతు నీళ్ళు వచ్చే ఊరికి నీళ్ళు పైకి చిమ్మే యంత్రం ఎందుకని అడిగేంత వయసు నాకప్పుడు లేదు. అడగవలసిన వయసున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.) కమిషనరుగారు చదువుకున్నవారు గనక ఆయన పద్ధతి వేరు. గోడకున్న ఊరి ప్లాను దగ్గరికి వెళ్ళి బెత్తంతో చూపిస్తూ, "సాయెబుగారూ, మీ వీధి ప్లానులో నివాస స్థలం కింద లేదండీ, నీటి పారుదల స్థలం కింద ఉంది. కాబట్టి అక్కడికి నీళ్ళు రావడం సక్రమమే. మనుషులు ఉండటమే అక్రమం" అనేవారు. సాయెబు ఆ ప్లానును చాలాసేపు చూసి, "అట్టయితే ఇంటిపన్ను కూడా నీళ్ళనే అడుక్కోండి సార్, మా దగ్గరికి ఎందుకు పంపిస్తా ఉండారు మనిషిని?" అన్నాడు. దానికీ నవ్వారు. ఛైర్మన్‌గారు పరిశీలిస్తామన్నారు.

మీటింగు ఉన్న రోజు ఆయన అందరికంటే ముందొచ్చి నా బల్ల దగ్గర నిలబడి, ఆ రోజు చెప్పబోయేది నాకు వినిపించేవాడు. దూది ధూళి జన్మంతా పీల్చిన గొంతు, నాలుగు మాటలకొకసారి దగ్గు. "అమ్మణ్ణీ, నువ్వు టైపు కొట్టేటప్పుడు కాలవ అనే మాట వచ్చినకాడ కాస్త గట్టిగా కొట్టు" అనేవాడు. "గట్టిగా కొడితే కాగితం చిరుగుతుంది తాతా" అంటే, "చిరగనీ. అప్పుడన్నా చూస్తారేమో" అని తనే నవ్వుకునేవాడు. నేను ఆ మాట దగ్గర నిజంగానే గట్టిగా కొట్టేదాన్ని. ఎవరూ చూడలేదు.

ఆ ఏడు వాన పట్టుకుంటే వదల్లేదు. ఊరంతా ముసురు, ఏ ఇంట్లో చూసినా ఆరని గుడ్డలు, నానిన గోడలు. సాయెబు ఇంట్లో దూది మొత్తం తడిసిందనీ, దాన్ని ఎత్తున పెట్టబోయి ఆయన కూడా తడిసి జ్వరం తెచ్చుకున్నాడనీ విన్నాం. తర్వాత ఒక ఉదయం ప్యూను వచ్చి గొడుగు ముడుస్తూ, "కాలవ సాయెబు పొయ్యినాడు సార్" అన్నాడు. కమిషనరుగారు చేతిలో కలం కింద పెట్టారు. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు కూడా రావాలమ్మా. ఇంట్లో ఆడవాళ్ళను పలకరించడానికి ఆఫీసు తరఫున ఒక ఆడమనిషి ఉండాలి" అన్నారు. ఆఫీసులో ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే గనక సంతాపం నా డ్యూటీల్లో చేరిపోయింది.

మేం వెళ్ళేసరికి ఆ వీధిలో నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. ఛైర్మన్‌గారూ, కొందరు కౌన్సిలర్లూ పంచెలు ఎత్తిపట్టుకుని, ఎవరి చెప్పులు వాళ్ళు చేత్తో పట్టుకుని వచ్చారు. లోపల సాయెబును ఎత్తుగా ఇటుకలు పేర్చి వాటి మీద మంచం వేసి పడుకోబెట్టారు. మంచం కింద నీళ్ళు కదులుతున్నాయి. గోడవారగా తడిసిన పరుపులు, ఉబ్బిపోయి, ముక్కిపోయిన వాసన కొడుతూ. ఆయన భార్యను అందరూ బూబమ్మ అనేవాళ్ళు. నేనామె పక్కన ఒక పెట్టె మీద కూర్చున్నాను. ఏమనాలో ఇంటి దగ్గర అనుకుని వచ్చిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. ఆమే నా చెయ్యి పట్టుకుని, "టైపు కొట్టే బిడ్డవు నువ్వే గదా. నీ సంగతి చెప్తా ఉండేవాడు" అంది. ఏడవలేదు. ఎవరో ఒకామె నెమ్మదిగా ఖురాను చదువుతోంది. నేనే ఏడ్చాను. ఓదార్చడానికి వెళ్ళినదాన్ని ఆమె చేత ఓదార్పించుకున్నాను.

పలకరించి వెళ్ళిపోదామని పెద్దలు లేచేసరికి చెరువు కలుజు పొంగింది. చూస్తుండగానే వీధి ఏరైంది. గోరీల దొడ్డి ఆ వీధి దాటి మెరక మీద ఉంది. నీళ్ళు కాస్త తీస్తే గానీ శవాన్ని తీసుకుపోవడానికి లేదు, వచ్చినవాళ్ళు వెనక్కి పోవడానికీ లేదు. కౌన్సిలంతా సాయెబు ఇంటి అరుగు మీద వాన కాకుల్లాగా ఒకరికొకరు ఆనుకుని నిలబడ్డారు. కమిషనరుగారు అలవాటు కొద్దీ "ప్లాను ప్రకారం..." అని మొదలుపెట్టారు. "గమ్మునుండవయ్యా నువ్వు" అన్నారు ఛైర్మన్‌గారు. ఆయన కమిషనరును ఏకవచనంలో పిలవడం నేను వినడం అదే మొదలు.

కౌన్సిల్లో ఛైర్మన్‌గారికి ఎదురు మాట్లాడే మనిషి ఒకాయన ఉండేవాడు. సోడా కొట్టు పెట్టుకున్నాడు గనక సోడా కౌన్సిలరు అనేవాళ్ళు. ఆయన నీళ్ళవైపు చూస్తూ మెల్లగా అడిగాడు. "ఏం ఛైర్మన్‌గారూ, ఇప్పుడు పరిశీలించినారా?"

ఛైర్మన్‌గారి ముఖం నల్లబడింది. "అర్జంటు మీటింగు పెడతా ఉండా. ఇక్కడే, ఇప్పుడే. కాలవ శాంక్షను చేసేస్తాం. రాసుకో అమ్మాయ్" అన్నారు. నేను గుమ్మంలోకి వచ్చి, సంచిలో ఉన్న కాగితం తీసి తలుపు మీద పెట్టుకున్నాను. కమిషనరుగారు అరుగు మీదున్న తలలు లెక్కపెట్టి నీరసంగా, "మీటింగు చెల్లాలంటే కోరం ఉండాలండీ. ఒక సభ్యుడు తక్కువ" అన్నారు.

"తక్కువేంది?" అన్నాడు సోడా కౌన్సిలరు. "లోపల ఉండాడు గదా."

ఎవరూ నవ్వలేదు. కమిషనరుగారు మాత్రం ఆ మాటను కూడా నిజంగానే ఆలోచించి, "మరణంతో సభ్యత్వం పోతుందండీ. ఇంటి ఆవరణలో ఉన్నా హాజరు కింద రాదు" అని చెప్పారు. అప్పుడు నా వెనకనుంచి, తలుపు చాటునుంచి బూబమ్మ గొంతు వినిపించింది.

"లెక్కేసుకోండి నాయనా. జ్వరమొచ్చినా, దగ్గి దగ్గి రక్తం పడినా, మీ మీటింగు మానినోడు కాదు. ఈ పొద్దు మీరే ఇంటికొస్తే ఎందుకు మానుకుంటాడు?"

ఛైర్మన్‌గారు పై కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదలడం చూశాను. సోడా కౌన్సిలరు గోడవైపు తిరిగాడు. "రాసుకో అమ్మాయ్," అన్నారు ఛైర్మన్‌గారు కండువాలోనుంచే, "కోరం ఉంది." నేను రాసుకున్నాను. తీర్మానం ఏకగ్రీవం. ఏ మీటింగులోనూ నోరు మూసుకోని మనిషి ఆ ఒక్క మీటింగులో మాట్లాడలేదు, ఆ ఒక్క మీటింగులోనే ఆయన పని అయింది అనుకున్నాను.

పొద్దు వాలేముందు నీళ్ళు నడుముకు దిగాయి. ఇక ఆపకూడదని ఎత్తారు. ఛైర్మన్‌గారు కూడా వెళ్ళి భుజం పట్టారు. ఎవరూ పట్టమని అడగలేదు. వీధి మలుపులో ఏదో గుంతలో కాలు పడి ఆయన మెడ దాకా మునిగారు. అయినా భుజం మీది కర్ర వదల్లేదు. పక్కవాళ్ళు సర్దుకున్నారు గనక శవం ఒరగలేదు. ఆయన మీసం కారుతూ లేచి మళ్ళీ నడిచారు. ఇప్పటికీ ఆయన మీద కోపం వచ్చినప్పుడల్లా నాకా దృశ్యం అడ్డం వస్తుంది.

కోపం ఎందుకంటే, వాన వెలిసింది. వీధి ఆరింది, దాంతోపాటు కండువాలూ ఆరాయి. తర్వాతి మీటింగులో కమిషనరుగారు లేచి, ఆనాటి మీటింగుకు ముందుగా నోటీసు లేదనీ, కోరం విషయం బొత్తిగా చెల్లదనీ, ఆ తీర్మానం పైకి పంపితే తిప్పికొడతారనీ వివరించారు. ఈ ఏటి బడ్జెటు పార్కుకు పోయిందని కూడా గుర్తుచేశారు. ఛైర్మన్‌గారు బల్లవైపు చూస్తూ విన్నారు. చివరికి దివంగతుని సేవలకు గుర్తుగా ఆ వీధికి ఆయన పేరు పెట్టి బోర్డు కట్టించాలనీ, కాలవ విషయం పరిశీలించాలనీ తేల్చారు. అందరూ గంభీరంగా బల్లలు చరిచారు. సోడా కౌన్సిలరు కూడా చరిచాడు.

నాకేమైందో తెలియదు. టైపిస్టు మీటింగులో మాట్లాడకూడదని నాకు తెలుసు. లేచి నిలబడ్డాను. చేతిలో పెన్సిలు అట్లాగే ఉంది. "సార్, ఆ రోజు ఆయన్ని లెక్కలో వేసుకున్నాం గదా. ఇప్పుడెట్లా తీసేస్తారు?" అన్నాను. ఇంకా చాలా అనాలనుకున్నాను, అక్కడితో ఆగిపోయాను. సభ మొత్తం కుర్చీ మాట్లాడినట్టు నావైపు చూసింది. ఛైర్మన్‌గారు కోప్పడతారేమో, ఉద్యోగం ఊడుతుందేమో, నాన్నకు ఏం చెప్పాలో అని ఒక్క క్షణంలో అంతా మనసులో తిరిగింది. కోప్పడినా బాగుండేది. ఆయన చాలా మెత్తగా, "పిల్ల బెదిరింది. మంచినీళ్ళియ్యండ్రా" అన్నారు. ప్యూను గ్లాసుతో తెచ్చాడు. ఏం చెయ్యాలో తోచక తాగేశాను. కూర్చున్నాను. తర్వాతి అంశం, వీధి కుక్కలు.

మొగుడు పోయినామె ఇల్లు కదలకూడని గడువు దినాలు గడిచాక బూబమ్మ ఒకరోజు ఆఫీసుకు వచ్చింది. ఇల్లు ఎవరికో అప్పజెప్పి నాయుడుపేటలో కూతురి దగ్గరికి పోతోంది. కూతురిది మెరక మీద ఇల్లట. నా బల్ల ముందు నిలబడి, "నువ్వు మీటింగులో లేచి ఆయన గురించి మాట్లాడినావంట గదా అమ్మణ్ణీ?" అని అడిగింది.

"మాట్లాడాను" అన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏమన్నారు?"

"మంచినీళ్ళు తాగమన్నారు."

ఆమె నన్ను చూసింది. తర్వాత నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగకుండా, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా, నా బల్ల పట్టుకుని నవ్వింది. "తాగినావా?" అని అడిగింది మధ్యలో. తాగానన్నాను. మళ్ళీ నవ్వింది. పక్క గదిలోనుంచి కమిషనరుగారు తొంగి చూశారు. సాయెబు పోయినాక ఆమె నవ్వడం అదే మొదటిసారని ఆమెతో వచ్చిన పక్కింటి ఆమె నాకు చెప్పింది.

కాలవ తర్వాత ఎప్పుడో వచ్చిందని విన్నాను. అప్పటికి నాకు పెళ్ళయి కోవూరు వచ్చేశాను, చూడటానికి పోలేదు. బూబమ్మ నవ్విన ఆ రోజు మాత్రం నాకు చాలా కష్టం వేసింది. ఈమె కోసం ఉద్యోగం పణంగా పెట్టి లేచి నిలబడితే, ఈమె కూడా నవ్విందే అని ఇంటికెళ్ళి అన్నం తినలేదు. ఇప్పుడు నాకు ఆమె వయసు దాటింది. ఈ మధ్య మధ్యాహ్నం వాన పడుతుంటే ఒక్కదాన్నే కిటికీ దగ్గర కూర్చుని, రెండు జడలేసుకుని సభ ముందు నిలబడి గ్లాసు ఖాళీ చేస్తున్న ఆ పిల్లను తలచుకున్నాను. నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. కోడలు వంటింట్లోనుంచి వచ్చి, "ఏందత్తా, ఒక్కదానివే నవ్వుకుంటా ఉండావు?" అని అడిగితే, ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియక ఊరికే చెయ్యి ఊపాను.