మల్లాపూర్ గుట్ట మీద నుంచి ఉపగ్రహంతో మాట

2011లో ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. కోరుట్లలో ఇళ్లకు టీవీ డిష్‌లు బిగించే నాకు పని లేకుండా పోయింది. నాకు హ్యామ్ రేడియో లైసెన్సు ఉంది. అంటే ప్రభుత్వ అనుమతితో, సొంత వైర్‌లెస్ సెట్టు మీద, దూరాన ఉన్న తోటి హ్యామ్‌లతో మాట్లాడవచ్చు. టీవీ ఉపగ్రహం మనకు ఒకే దిక్కున ఉంటుంది. మా మాటలను అందుకుని దూరాలకు చేరవేసే హ్యామ్‌ల ఉపగ్రహం అలా కాదు, ఒక దిక్కున లేచి పన్నెండు నిమిషాల్లో మరో దిక్కున దిగిపోతుంది. ఆ గడువును పాస్ అంటాం.

ఒక ఉదయం పాస్ కోసం మల్లాపూర్ అవతల అడవిలో గుట్ట ఎక్కాను. దగ్గర్లో కరెంటు తీగలు లేకపోతే రేడియోలో గరగర తగ్గుతుంది. కొలత టేపు ముక్కలతో చేసుకున్న యాంటెనా విప్పుతుంటే, మేకలు కాసే రాజవ్వ నిలబడి చూసింది. దిగిపోయి, ఊళ్లో సమ్మె నడిపిస్తున్న మల్లేశాన్ని, మరో నలుగురిని వెంటబెట్టుకొచ్చింది.

“ఎవలు నువ్వు? గిక్కడి ముచ్చట్లు పోలీసోళ్లకు చేరేస్తున్నవా?” అన్నాడు మల్లేశం.

లైసెన్సు చూపించాను. తిరగేసి చూశాడు.

“కాయితం ఎవలైన చేపిస్తరు. మనోనివైతే గా సెట్ల జై తెలంగాణ అను. లేకుంటే సెట్టు గిక్కడ పెట్టిపో.”

ఊరేగింపుల్లో ఆ నినాదం నేనూ ఇచ్చినవాణ్ణే. కానీ హ్యామ్ రేడియోలో రాజకీయం మాట్లాడకూడదు.

“రేడియోల గట్ల అనద్దన్నా, లైసెన్సు పోతది. నేనేం మాట్లాడుతనో ఇను. ఇన్నంక నీ ఇష్టం.”

“ఇందాం తియ్యి మల్లేశా, ఏం పోతది?” అంది రాజవ్వ.

ఉపగ్రహం లేచే దిక్కు చూపించి యాంటెనా ఆమె చేతికే ఇచ్చాను. గరగరలోంచి గొంతులు లేచాయి. ఒక గొంతు సన్నబడగానే, ఎవరూ చెప్పకుండానే ఆమె మణికట్టు తిప్పింది. గొంతు మళ్లీ నిండుగా వచ్చింది. ఆ కిటుకు పట్టుబడటానికి నాకు రెండు నెలలు పట్టింది.

నా కాల్‌సైన్, అంటే నా స్టేషన్ గుర్తు, చెప్పి పిలిచాను. శ్రీలంక నుంచి ఒకాయన పలికి, ఎక్కడి నుంచని అడిగాడు. ఉన్న చోటు చెప్పడానికి ఏ అడ్డూ లేదు.

“మల్లాపూర్, తెలంగాణ,” అన్నాను.

“మల్లాపూర్... తెలంగాణ,” అని ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తిరిగి చెప్పాడు.

మల్లేశం సెట్టు మీదికి వంగాడు. “మల్లోసారి అనమను,” అన్నాడు మెల్లగా. అప్పటికే ఉపగ్రహం దిగిపోయింది. అతను లైసెన్సు మడతపెట్టి నా జేబులో పెట్టాడు.

రాజవ్వ యాంటెనా ఇంకా వదల్లేదు. “గాయిన ఊర్ల వానలు పడ్డయా?”

“అడగలేదవ్వా.”

“మరి గింత కష్టపడి ఏం మాట్లాడుకున్నరు?”

లైసెన్సు వచ్చిన నాలుగేళ్లలో వందలమందితో మాట్లాడాను. కాల్‌సైన్, సిగ్నల్ ఎలా ఉంది, సెలవు. అంతే. అవతల ఒక మనిషి ఉన్నాడని, అతనికి ఒక ఊరుందని నాకు తోచనే లేదు.

వారం తర్వాత అదే గొంతు దొరికితే వానల సంగతి అడిగాను. ఆయన నవ్వాడు. రెండు రోజులుగా కురుస్తోందని, పెరట్లో నీళ్లు నిలిచాయని చెప్పాడు. ఆ మధ్యాహ్నమే బండి తీసి మల్లాపూర్ పోయాను, రాజవ్వకు ఆ కబురు చెప్పడానికి.