ఇటలీ తెరల ముందు అమ్మ

రాజోలు బస్టాండు రోడ్డులో మా నాన్నకు ఫోటో స్టూడియో ఉండేది. తొంభైల మొదట్లో మిగతా స్టూడియోల వెనక తెరల మీద జలపాతాలు, పూలకుండీలు ఉంటే, మా తెరల మీద ఇటలీ ఉండేది. ఆ దేశం వెళ్లొచ్చిన ఒక చర్చి ఫాదర్ గారు నాన్నకు అక్కడి కేలండర్ ఇచ్చారు. నాన్న అందులోంచి వెనిస్, పిసా, రోమ్ కాగితాలు చింపి, నాటకాలకు తెరలు వేసే అమలాపురం పెయింటరు గారి చేతిలో పెట్టాడు.

పెయింటరు గారు ఆ కేలండర్‌ను నమ్మలేదు. వెనిస్ కాలవ వేసి, మేడల మధ్య నాలుగు కొబ్బరిచెట్లు నాటారు. ఇదేమిటని నాన్న అడిగితే, "చెట్టు లేని కాలవ ఉంటుందేంటండీ? ఫోటో తీసినాయన సరిగ్గా చూసుకోలేదు" అన్నారు. పిసా గోపురాన్ని నిటారుగా నిలబెట్టేశారు. "వాలిపోయిన గోపురం వేస్తే నా చెయ్యే వంకరనుకుంటారండీ జనం." రోములో పాత గుండ్రటి రంగస్థలానికీ పెద్ద చర్చి గుమ్మటానికీ మధ్య చోటు దండగని రెండిటినీ ఇరుగుపొరుగు చేశారు. నాన్న రెండు రోజులు అలిగి, మూడో రోజు తెరలు కట్టేశాడు. ఇప్పటికీ అసలు పిసా గోపురం బొమ్మ చూస్తే నాకు అదే తప్పుగా కనిపిస్తుంది.

ఆ ఇటలీకి గైడు మా అమ్మ. వచ్చిన ఆడవాళ్లకు కుచ్చిళ్లు సర్దుతూ, పిల్లల తల దువ్వుతూ ఊళ్ల సంగతులు చెప్పేది. "ఆయ్, ఇది రోమండీ. పూర్వం ఇక్కడ మనుషుల్ని సింహాల మీదకి వదిలేవారంటండీ. మీరు కాస్త నవ్వండి" అనేది. ఫాదర్ గారిని అడిగి తెలుసుకున్న ముక్కలే అవన్నీ. ఫ్లోరెన్స్ కాగితాన్ని మాత్రం తెరకు ఇవ్వకుండా వంటింటి తలుపుకు అతికించుకుంది. ఆ ఊళ్లో రాతిని చెక్కితే ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంటుందట. కూర కలుపుతూ ఆ మాట నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

కానీ అమ్మ ప్రాణమంతా వెనిస్ మీదే. ఆవిడ పుట్టిల్లు గోదావరి లంకలో. "గుమ్మంలోకి పడవలు రావడం మాకేం కొత్త కాదే. ప్రతి వరదకీ వచ్చేవి. అయితే అక్కడివాళ్లు దాన్ని బొమ్మలేసుకున్నారు, మేం సామాన్లు అటక మీదకి ఎక్కించుకున్నాం" అని నవ్వేది. ఆ తెర ముందు నుంచుని ఒక్క ఫోటో తీయించుకోవాలని ఆవిడ కోరిక. అడిగింది ఆ ఒక్కటే.

నాన్నకు రీలంటే ప్రాణం. ముప్పయ్యారు ఫోటోల్లో ఒక్కటి వృథా అయినా ఆ పూట అన్నం సహించేది కాదు. పొద్దున్నే రీలు వేయకముందు లైట్లు సరిచూడ్డానికి మాత్రం, "ఓసారి వెనిస్ ముందు నుంచో" అని అమ్మను పిలిచేవాడు. అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి, గడ్డం పైకెత్తి నిలబడేది. ఫ్లాష్ వెలిగేది. పెళ్లిళ్లలో ఫోటో ఫోటో అని వెంటపడే పిల్లల్ని మురిపించడానికి ఫోటోగ్రాఫర్లు కొట్టే ఉత్తుత్తి ఫ్లాష్ లాంటిదే అదీ.

"వచ్చిందాండీ?" అని అడిగేది.

"వస్తుంది. కడిగించాక చూద్దాం" అనేవాడు నాన్న.

కెమెరా ఖాళీ అని నాకు తెలుసు. రీలు డబ్బా బల్ల మీదే, మూత కూడా తీయకుండా కనిపిస్తుండేది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. కానీ తెర ముందు నిలబడినప్పుడు అమ్మ ముఖం చూస్తే చెప్పబుద్ధి అయ్యేది కాదు. నాన్న మీద కోపం వచ్చేది, నా మీద ఇంకా ఎక్కువ వచ్చేది. కొన్నాళ్లకు అమ్మ ఫోటో సంగతి అడగడం మానేసింది. పిలిచినప్పుడల్లా వచ్చి నిలబడ్డం మాత్రం మానలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు మా ఊరికీ డిజిటల్ కెమెరాలు వచ్చాయి. వెనక నీలం గుడ్డ కడితే చాలు, కంప్యూటరులో ఏ ఊరు కావాలంటే ఆ ఊరు. నాన్న కూడా ఒకటి కొన్నాడు. కొత్తపేటలో పెళ్లి పందిళ్లు అలంకరించే ఆయన మూడు తెరలూ తీసుకుంటానని ఆటో వేసుకుని వచ్చాడు. రోమ్‌నూ పిసానూ చుట్టేశారు. వెనిస్ విప్పబోతుంటే అమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఒక్క నిమిషం ఆగండి. ఓసారి నుంచుంటాను."

నాన్న మంచి చీర కట్టుకు రమ్మన్నాడు. అమ్మ అక్కర్లేదంది. నాన్న లోపలికెళ్లి పాత కెమెరా తెచ్చి, నేను చూస్తుండగానే రీలు వేశాడు. అమ్మ అప్పటికే మా వైపు వీపు పెట్టి తెర మడతలు సర్దుతోంది. తర్వాత ఇటు తిరిగి నిలబడింది. నాన్న కెమెరాకు కన్ను ఆనించాడు.

"ఈసారి రీలుందాండీ?" అంది అమ్మ.

కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. కూరలో ఉప్పు వేశావా అని నన్ను అడిగినంత మామూలుగా అడిగింది. ఇన్నేళ్లూ ఆవిడకు తెలుసు. తెలిసే గడ్డం పైకెత్తుకుని నిలబడేది.

నాన్న కెమెరా వెనకే ఉండిపోయాడు, ముఖం బయటికి తీయలేదు. అక్కణ్నుంచే "ఉందే" అన్నాడు. ఒకటి తీశాడు. అయిపోయిందనుకుని అమ్మ కదలబోతే, ఉండమన్నాడు. మళ్లీ తీశాడు. కూర్చోమని తీశాడు, నుంచోమని తీశాడు, పక్కకు చూడమని తీశాడు. ఏ తెర ముందూ ఎవరికీ రెండో ఫోటో ఊరికే తీయని మనిషి, లెక్క చూసుకోకుండా తీస్తూనే ఉన్నాడు.

"చాల్లెండి, పాపం ఆటో ఆయన ఎదురు చూస్తున్నారు" అంది అమ్మ.

"చూడనీ" అన్నాడు నాన్న. ఆ రోజు రీలు మొత్తం అమ్మ మీదే అయిపోయింది.