బోరా పేరున పాడిన శోకం

వొల్లో కొండల్లో యెషిమెబెత్ శోకాలు పాడే మనిషి. ఎవరింట చావు జరిగినా మొదటి కబురు ఆమెకే వెళ్లేది. పోయినవారి పేరును పాటలో అల్లి ఆమె పిలిస్తే, రాతిగుండె మగవాళ్లు సైతం దుప్పటి కొంగుతో మొహం కప్పుకునేవారు. ఆమె ఎన్నడూ దాటని కట్టుబాటు ఒకటుంది: చావు లేని చోట శోకం ఎత్తకూడదు. ఎత్తితే, పిలుపు విన్న మృత్యువు ఉత్త చేతులతో తిరిగిపోదు.

కరువు మూడో ఏట ఊరు విడిచి, ఏడేళ్ల కూతురు అస్నాకెచ్‌తో ఆమె కొండమీది శిబిరానికి చేరింది. పిల్ల నాలుగు రోజులుగా జ్వరంతో డేరాలో పడి ఉంది. ఆ ఉదయం టేపు యంత్రంతో ఇద్దరు విదేశీయులు జీపులో వచ్చారు. వెంట దుబాసీ మెకురియా.

"అమ్మా, ఒక శోకం పాడాలి. వాళ్ల దేశంలో పేరున్న గాయకులంతా కలిసి మనకోసం పాట కడుతున్నారు. అందులో నీ గొంతు కలుపుతారట. ఆ రికార్డు అమ్మిన సొమ్మంతా మనకు గింజలై వస్తుంది."

"ఎవరు పోయారని పాడను, నాయనా?"

"చుట్టూ చూడు! పేర్లకు కూడా కరువొచ్చిందా?"

"వాళ్లందరికీ పాడేశాను. ఒకరికే రెండుసార్లు పాడితే ఆ రెండోది ఎవరి మీద పడుతుందో నీకేం తెలుసు, చదువుకున్నవాడివి!"

"గింజలు రాకపోతే నీ పిల్లకేం పెడతావో అది చెప్పు ముందు."

ఆమె డేరా వైపు చూసింది. పాడకపోతే ఆకలి, పాడితే మృత్యువు. రెండు దారులూ ఆ డేరా గుమ్మానికే వెళుతున్నాయి. అప్పుడు బోరా గుర్తుకొచ్చింది. నుదుట తెల్లమచ్చ ఉన్న ఎద్దు, నిరుడు చాలులోనే కూలిపోయింది. ఎద్దుకు శోకం పాడిన వాళ్లు లేరు. అయినా దాని చావు నిజం. దానికింకా పాట దక్కలేదు.

"బోరా, నా ఇంటి నిట్టాడా, నువ్వు లేని నేల నోరు తెరుచుకుందిరా!"

పాట ముగిసేసరికి విదేశీ స్త్రీ కళ్లు తుడుచుకుంటూ ఏదో అడిగింది. మెకురియా బదులు చెబుతూ డేరా వైపు వేలు చూపాడు. జీపు విదేశీయులిద్దరినీ ఎక్కించుకుని కదిలింది.

"ఏం చెప్పావురా?"

"బోరా ఎవరని అడిగింది. నీ కూతురన్నాను."

"అది బతికుందిరా!"

"ఎద్దంటే వాళ్లెందుకు ఏడుస్తారమ్మా?"

"చెరిపెయ్యమను! పరుగెత్తు!"

జీపు అప్పటికే లోయ మలుపు దాటింది. భయానికి తర్కం అక్కరలేదు, నిలబడే చోటు దొరికితే చాలు. ఆమె డేరాలోకి పరుగెత్తి పిల్ల ముక్కు దగ్గర వేళ్లుంచింది.

"అస్నాకెచ్!"

పలుకు లేదు.

"అస్నాకెచ్! అస్నాకెచ్!"

"ఊఁ..."

గింజలు ఆలస్యంగా వచ్చాయి. పిల్ల బతికింది. పాటకూ ఈ రెండింటికీ ముడిపెట్టడం ఎంత సాహసమో, ముడి లేదనడమూ అంతే సాహసం.

పదిహేనేళ్ల తరువాత, దెస్సే పట్నంలో తల్లీకూతుళ్లు కాఫీ అమ్ముకుంటున్నారు. రేడియోలో పలు గొంతులు కలిసిన పరాయి పాట మొదలైతే చాలు, యెషిమెబెత్ చేతిలోని కప్పు కింద పెట్టి కేకవేస్తుంది.

"అస్నాకెచ్!"

"ఇక్కడే ఉన్నానమ్మా! నీ కేకలకు కాఫీ గింజలు మాడిపోతున్నాయి."

"మాడితే మాడనీ. ఇంకోసారి పలుకు."