వీధిపోటు ఇల్లు

మా మేనకోడలు ఫణిశ్రీకి పెళ్ళిలో వచ్చిన సామానులో ఒక ఇత్తడి గిన్నె ఉంది. వంటకి వాడింది లేదు, పాలు పొంగించడానికే వాడింది. కాపురం పెట్టిన నాలుగేళ్ళలో కాకినాడలో నాలుగు అద్దె ఇళ్ళు మారింది. ఇల్లు మారినప్పుడల్లా మంచిరోజు చూసి, పొయ్యి పెట్టి, ఆ గిన్నెలో పాలు పొంగించేది. తీరా ఇల్లు అలవాటయ్యేసరికి ఓనరు గుమ్మంలో నిలబడి "మా అబ్బాయి వచ్చేస్తున్నాడమ్మా, ఇల్లు కావాలి" అనేవాడు. ఆ అబ్బాయి ఎప్పుడూ రాలేదు. ఎక్కువ అద్దె ఇచ్చే ఇంకెవరి అబ్బాయో వచ్చేవాడు.

ఫణిశ్రీ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. ఆమె భర్త శశిభూషణ్ బీటెక్, పోర్టు దగ్గర సరుకు రవాణా ఆఫీసులో పని. ముందు ఇద్దరూ హైదరాబాదులో ఆరు నెలలు ఉండి, అక్కడి అద్దెలకి దణ్ణం పెట్టి వెనక్కి వచ్చేశారు. ఇద్దరూ సంపాదిస్తున్నారు కదా, ఇల్లు దొరక్కపోవడమేంటని మా అక్క సీతారామలక్ష్మి ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది. నేను నరసాపురం రైల్వే స్టేషన్లో టికెట్ల కౌంటరు వెనక ఇరవై రెండేళ్ళుగా కూర్చున్నవాణ్ణి, ఇలా వెళ్ళొచ్చే పిల్లల్ని చాలామందిని చూశాను. కాకినాడ హైదరాబాదు కాదు, నిజమే. జీతాలు కూడా కాకినాడ జీతాలే. అద్దెలు మాత్రం, ఏదో పెద్ద ఫ్యాక్టరీ వస్తోందని ఎవరైనా అంటే చాలు, ఆ మాటకే పెరుగుతాయి. ఫ్యాక్టరీ రాకపోతే తగ్గుతాయా అంటే, తగ్గవు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

నాలుగో ఇల్లు కూడా ఖాళీ చెయ్యమన్నాక ఇద్దరూ ఆదివారాలన్నీ టూ-లెట్ బోర్డుల వెంట తిరిగారు. ఒకావిడ "శాకాహారులేనా?" అని అడిగింది. "ఇంట్లో శాకాహారమేనండి, ఉద్యోగం మాత్రం రొయ్యలతో" అంది ఫణిశ్రీ. ఆవిడ తలుపు సగం మూసి మాట్లాడింది. ఇంకో ఆయన పది నెలల అద్దె అడ్వాన్సు అడిగాడు. "అంత ఉంటే మీ ఇంటికెందుకు వస్తామండీ?" అన్నాడట శశిభూషణ్. ఆ ఇల్లూ పోయింది. ఉన్నమాట అనెయ్యడంలో మొగుడూ పెళ్ళాం ఒకరికొకరు తీసిపోరు.

మాఘమాసంలో ఐదో ఇల్లు దొరికింది. మూడు గదులు, వంటిల్లు, వీధి అరుగు, వెనక కొబ్బరిచెట్టు. అద్దె చుట్టుపక్కల వాటిలో సగం. ఎందుకు సగమో యజమానురాలు శ్యామలాంబగారు ముందే చెప్పేశారట: "వీధిపోటు ఇల్లమ్మాయ్. ఎదురుగా వీధి సూటిగా వచ్చి మన గేటుకే తగులుద్ది. మా ఊరివైపు పంతులుగారు చూసి, యజమానికి పడదన్నారు. మేమూ ఉండలేదు, అద్దెకొచ్చినోళ్ళూ సంగతి తెలిసి ఉండలేదు. తర్వాత తెలిస్తే నన్ను తిట్టుకుంటారని చెప్తున్నాను." ఆవిడ అక్కడికి రెండు వీధుల అవతల, ఒక పాత ఇంటి వెనక భాగంలో ఒంటిగదిలో అద్దెకుంటున్నారు. సొంతిల్లు పెట్టుకుని అద్దెకుండే మనిషిని నేను అప్పుడే వినడం.

"సగం అద్దె అంటే ఎంత పోటునైనా భరిస్తాం మావయ్యా" అంది ఫణిశ్రీ నాతో. వాళ్ళ నాన్నకి మాత్రం వీధిపోటు సంగతి చెప్పలేదు. చెబితే రారని భయం.

వాళ్ళ నాన్న అంటే మా బావగారు సూర్యప్రకాశంగారు, పాలకొల్లులో పురోహితులు. ముప్ఫై అయిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ చేత కొత్త ఇళ్ళలోకి కుడికాలు పెట్టిస్తున్న మనిషి. ఆయనగారు వద్దన్న స్థలం ఎవరూ కొనరు, సరేనన్న స్థలం ఎవరూ వదలరు. ఇల్లు చూడ్డానికి వెళితే దిక్సూచి కూడా పట్టుకెళ్ళరు. "సూర్యుడూ, గుళ్ళూ ఉండగా ఆ డబ్బా ఎందుకయ్యా?" అంటారు. ఆ మాట ఆయన అన్నప్పుడల్లా నేను "మబ్బు పడితేనో బావగారూ?" అని ఏడిపించేవాణ్ణి. బావమరిదికి ఆ మాత్రం హక్కుంటుంది. "అప్పుడు గుడి ఉంటుంది" అనేవారు.

పాలు పొంగించే రోజుకి ముందు సాయంత్రమే ఆయనా నేనూ కాకినాడ చేరాం. మా అక్కకి మోకాళ్ళ నొప్పులు, రాలేదు. పొద్దున్నే స్నానాలు చేసి, ఇత్తడి గిన్నె, దేవుడి పటం, బియ్యం, పాలు పట్టుకుని ఏడున్నరకి ఆటోలో కొత్త ఇంటికి వెళ్ళాం. ఆటో ఆ పొడుగు వీధిలోంచి సూటిగా వెళ్ళి గేటు ముందు ఆగింది. బావగారు దిగి, ఇంటిని చూసి, అలాగే నిలబడిపోయారు.

వీధిపోటు చూసి కోపం వచ్చిందేమో అనుకున్నాం. ఫణిశ్రీ గిన్నె గుండెలకి ఆనించుకుని "నాన్నా, అదీ..." అంటూ మొదలుపెట్టింది. ఆయన వినడం లేదు. ఇంటి వెనక కొబ్బరిచెట్టు మీంచి ఎండ తిన్నగా ఆయన కళ్ళలో పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూశారు. వెనక్కి తిరిగి వీధి మొదట్లో ఉన్న చిన్న వినాయకుడి గుడిని చూశారు. ఉత్తరీయం భుజాన సర్దుకుని ఆ గుడి వైపు నడిచారు. నేనూ వెంట వెళ్ళాను.

గుడిలో పూజారిని ఒక్కటే ప్రశ్న అడిగారు: "ఈ తలుపు మొదటి నుంచీ ఇటే ఉందా?"

"లేదండి. మురిక్కాలవ కట్టినప్పుడు తూర్పు గుమ్మం మూసుకుపోయిందండి. అప్పుడు దక్షిణం గోడ కొట్టి ఇటు తలుపు పెట్టారు. పన్నెండేళ్ళయింది."

బావగారు గుడి మెట్టు మీద కూర్చున్నారు.  అక్కడే నాకు విషయం చెప్పారు.

తొమ్మిదేళ్ళ కిందట ఈ ఇంటికి ఆయన వచ్చారు. శ్యామలాంబగారి భర్త, పాలకొల్లు దగ్గరి రైతు వీరవెంకటసత్యనారాయణగారు ఎకరం పొలం అమ్మి కాకినాడలో కట్టిన ఇల్లు ఒకటి కొని, చేరేముందు చూసి చెప్పమని కారులో తీసుకొచ్చారట. వాయుగుండం పట్టి మూడు రోజులుగా వాన. సూర్యుడి జాడ లేదు. ఈయన వీధి మొదట్లో గుడి తలుపు చూసి, గుళ్ళు తూర్పుకే తెరుచుకుంటాయి కదా అని, అది తూర్పనుకున్నారు. ఆ లెక్కన వీధి వచ్చి ఇంటి నైరుతి మూలకి తగిలింది. ఆ పోటు చెడ్డదని శాస్త్రం. యజమానికి పడదు, ఉండొద్దు అని చెప్పి, తాంబూలం పుచ్చుకుని వచ్చేశారు.

"నిజానికి వీధి పడమటి నుంచి వచ్చి వాయవ్యం మూల తగులుతోంది శంకరం. అది మంచి పోటు. వృద్ధి అని చెప్తారు" అన్నారు.

"మరి వాళ్ళకి తూర్పు ఎటో తెలీదా?"

"వీధిపోటు అన్న మాట విన్నాక దిక్కు ఎవరు అడుగుతారయ్యా?"

వెనక్కి వచ్చి ఈ మాట కూతురికీ అల్లుడికీ చెప్పారు. శశిభూషణ్ ఫోన్‌లో దిక్సూచి తీసి చూపించాడు. అదీ అదే చెప్పింది. ఫణిశ్రీ మొహం ముందు వెలిగింది, మరుక్షణం వాడిపోయింది. ఇల్లు మంచిదని తెలిస్తే శ్యామలాంబగారు ఒంటిగదిలో ఎందుకుంటారు? తన ఇంట్లోకి తను వచ్చేస్తారు. సగం అద్దె ఇల్లు అక్కడితో సరి.

"నాన్నా, ముందు పాలు పొంగనివ్వండి. తర్వాత మెల్లిగా చెబుదురుగాని. సాయంత్రానికి పాత ఇంటి తాళం ఇచ్చెయ్యాలి మేము. ఎక్కడికి వెళ్ళమంటారు?" అంది ఫణిశ్రీ.

నేను ఆ పిల్ల వైపే మాట్లాడాను. దాచుకోవడం ఎందుకు? "బావగారూ, తొమ్మిదేళ్ళు ఆగిన మాట, ఇంకో ఏడాది ఆగలేదా?" అన్నాను.

"మాట ఆగుతుందయ్యా. నేనే ఆగలేను" అన్నారు.

అప్పటికే శ్యామలాంబగారు వచ్చి గేటు బయట నిలబడి ఉన్నారు. అరవై దాటిన మనిషి, సంచిలో మామిడాకులు తెచ్చారు. లోపలికి రాలేదు. భర్త పోయినవాళ్ళు శుభకార్యంలో ఎదురు రాకూడదని, పాలు పొంగేదాకా పక్కకి నిలబడదామని వచ్చారు. బావగారిని చూసి "మీరా అండీ! మీ అమ్మాయా ఈవిడ?" అన్నారు.

బావగారు గేటు దగ్గరికి వెళ్ళి చేతులు జోడించారు. నలుగురి చేత కాళ్ళకి దణ్ణం పెట్టించుకునే మనిషి అలా నిలబడితే నాకు చూడబుద్ధి కాలేదు. మబ్బు సంగతి, గుడి తలుపు సంగతి ఒక్కటీ వదలకుండా చెప్పారు. "మీ ఇల్లు బంగారంలాంటిదమ్మా. తప్పు నాది. నన్ను తిట్టండి" అన్నారు.

ఆవిడ మామిడాకుల సంచి గేటుకి తగిలించారు.

"ఆయన పోయింది అద్దింట్లోనండి" అన్నారు. "శవాన్ని లోపల ఉంచనియ్యలేదు ఓనర్లు. రోడ్డు మీద టెంటేసి పడుకోబెట్టాం. ఇక్కడికి తీసుకొచ్చేద్దామా అని అప్పుడు కూడా అనిపించిందండి. మీ మాట గుర్తొచ్చి ఊరుకున్నాను."

బావగారు గేటు పట్టుకుని ఏడ్చేశారు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

"ఊరుకోండి పంతులుగారూ. తిడితే ఆయన వస్తాడేంటి?" అని ఆవిడే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "తూర్పు ఎటో ఈసారైనా సరిగ్గా చూపించండి. అమ్మాయి పాలు పొయ్యాలి కదా."

"పొయ్యాల్సింది మీరు. ఇంటి యజమాని కాలు పెట్టకుండా గృహప్రవేశం ఏంటమ్మా?"

"నేను ముందు రాకూడదు కదండీ."

"ఎవరు చెప్పారు?"

"మీలాంటి పంతుళ్ళేనండి."

 మా ఫణిశ్రీ వెళ్ళి ఇత్తడి గిన్నె ఆవిడ చేతుల్లో పెట్టింది. ఇల్లు చెయ్యి జారిపోతోందని తెలిసీ పెట్టింది. నాలుగిళ్ళలో పొంగించిన గిన్నె అది, ఇవ్వడానికి ఎంత కష్టమైందో నాకు తెలుసు. శ్యామలాంబగారు కుడికాలు పెట్టి తొమ్మిదేళ్ళకి తన ఇంట్లోకి వెళ్ళారు. పొయ్యి తూర్పుకి తిప్పి పాలు పోశారు.  పొంగాక ఆవిడ గదులన్నీ తిరిగి వచ్చి ఫణిశ్రీ ముందు నిలబడ్డారు.

"మొహం అలా పెట్టావేంటమ్మాయ్? ముందుగది నాకు. వసారాలో చిన్న స్టవ్ పెట్టుకుంటాను. వెనక రెండు గదులూ వంటిల్లూ మీవే. అద్దెలో ఒక గదిది తగ్గించుకో. సామాను ఎప్పుడు తెస్తున్నారు?"

ఆ సాయంత్రం ఒకే వ్యానులో రెండిళ్ళ సామాను వచ్చింది. ఇత్తడి గిన్నె ఈసారి అటక ఎక్కలేదు, రోజూ కాఫీకి పాలు కాస్తున్నారు.

బావగారు పాలకొల్లు తిరిగి వెళ్ళేముందు ఆ వీధిలో ఇంటింటికీ వెళ్ళి, తాను పొరపాటు పడ్డానని చెప్పి వచ్చారు. వద్దన్నా వినలేదు. దాంతో ఆ ఇంటికి గిరాకీ మొదలైంది. ఉగాది వెళ్ళాక బావగారూ నేనూ పిల్లల్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక బ్రోకరు, బ్యాంకులో పనిచేసే ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వెనక గదులకి రెట్టింపు అద్దె ఇస్తామన్నారు. వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. ఫణిశ్రీ వింటోందని నాకు అర్థమైంది.

"వీధిపోటు ఇల్లండి. మీకు పడదు" అన్నారు శ్యామలాంబగారు, ఏమీ ఎరగనట్టు.

"మంచి పోటేనంట కదండీ. పంతులుగారే చెప్పారంట!" అన్నాడు బ్రోకరు.

ఆవిడ అరుగు మీద పంచాంగం తిరగేస్తున్న మా బావగారి వైపు తిరిగారు. "ఏవండీ పంతులుగారూ, చెప్పారా మీరు?"

అబద్ధం ఆయన నోటికి రాదు.  బావగారు కళ్ళజోడు తీసి, బ్యాంకాయన్ని తిన్నగా చూశారు.

"చెప్పానండి. కాని నా మాట నమ్మి ఈవిడ తొమ్మిదేళ్ళు అద్దింట్లో ఉన్నారండి. మీరే ఆలోచించుకోండి."

వచ్చినవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని స్కూటరెక్కారు. వంటింట్లో మళ్ళీ గరిట చప్పుడు మొదలైంది.