ఎడంగా నడిచే మనిషి

మొన్న కుప్పంలో మా చెల్లెలింట్లో కాఫీ తాగుతుంటే టీవీలో కింద అక్షరాలు పరుగెత్తాయి. ఉత్తరాది కొండల్లో ఎండ ముదురుతోంది, మంచు చరియలు విరిగిపడవచ్చు, జాగ్రత్త అని. నా చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది. "ఎవురికక్కా చేస్తాండావు?" అంది చెల్లెలు. ఎవరికీ కాదన్నాను. మా ఆయన సైన్యంలో, ఆ మంచుకొండల్లో ఉన్ననాటి అలవాటు అది.

పెళ్లయిన కొత్తలో ఆయన సెలవు మీద పుంగనూరు వచ్చారు. మదనపల్లెలో మా అమ్మావాళ్లింటికని ఇద్దరం బస్టాండుకు బయలుదేరాం. నేను కొత్త చీర కట్టుకుని పక్కన నడుద్దామని చూస్తే ఈ మహానుభావుడు ఎక్కడో ముందు పోతున్నాడు. నేను అందుకునేలోపు ఇంకా ముందుకు పోతాడు. వీధి వీధంతా చూసింది. తిరిగి రాగానే మా అత్త, "ఏమ్మా, కొట్లాడుకున్న్యారా?" అని అడిగేసింది. నాకు ఒళ్లు మండింది. నిలదీస్తే ఆయన నవ్వి, చేటలో రాగిపిండి అదిమి, దాని మీద కొత్త పిండి జల్లించి, చేటను కాస్త వంచారు. పైపిండి ఒక్కసారిగా జారి నేల మీద పడింది.

"సూడుమే, కింద పాత మంచు గట్టిపడి ఉంటాది. పైన కొత్తదానికి పట్టుండదు. ఈ మార్చి నెల్లో ఎండ తగిల్తే ఇట్లే జారేది. అందుకే ఆడ ఎడంగా నడుస్తాం. ఒకడు కూరుకుపోతే తవ్వేదానికి మిగతావాళ్లుండాల గదా."

"యాలరా పిండంతా నేలపాలు చేస్తావు!" అని మా అత్త అరిచింది. మరుసటి రోజు బజారులో అందరూ చూస్తుండగానే ఆయన చెయ్యి పట్టుకుని, "ఈడ మంచు లేదప్పా, పక్కన నడువు" అన్నాను. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఆ తర్వాత మార్చి వస్తే చాలు, నాకు ప్రాణం ప్రాణంలో ఉండేది కాదు. మిద్దె మీద మిరపకాయలు ఎండబోసి, అరికాళ్లు కాలుతుంటే, ఇదే సూర్యుడు అక్కడ కూడా ఉన్నాడు కదా అనుకునేదాన్ని. సాయంత్రం ఫోన్ మోగి, "బాగుండాను, అన్నం తింటివా?" అన్న గొంతు వినబడేదాకా పొయ్యి వెలిగించేదాన్ని కాదు. ఒక ఏడు దారులు మూసుకుపోయి వారమంతా ఫోన్ రాలేదు. ఆ వారం మా అత్తా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

మంచుకు దొరకని మనిషి, పింఛను తీసుకుని ఇంటికి వచ్చాక, పట్టుమని రెండేళ్లు కాకుండానే మామూలు జ్వరమనుకున్నదానితో పోయారు. ఇప్పుడు నాకు ఆయన మీద బెంగే కాదు, ఆ భయం మీద కూడా బెంగే. భయపడాలన్నా అవతల ఒక మనిషి ఉండాలి. అప్పట్లో మార్చి తొందరగా గడిచిపోవాలని ఏటా దేవుడికి మొక్కుకునేదాన్ని. ఆ దేవుడు నా మాట విన్నాడు. ఒక్క మార్చినీ ఆపలేదు.