సార్ నాకు వదిలిన నవల

మా తెలుగు సార్ పోయారన్న కబురు నాకు రెండు రోజులు ఆలస్యంగా అందింది. దాజీ పేట్‌లో ఆయన అద్దెకున్న ఒంటిగది ఖోలీ యజమానురాలు ఫోన్ చేసి, "మీ సార్ పోయిండమ్మా. అంతా అయిపోయింది. నీ పేరు రాసిన మూట ఒకటున్నది, వచ్చి తీస్కపో" అంది. మేం ఆ పేట వదిలి ఊరి బయట కుంభారి కాలనీకి మారి నాలుగేళ్లయింది. ఆ నాలుగేళ్లలో ఆయన్ని చూసింది ఒక్కసారే. అలాంటిది నాకెందుకు వదిలినట్టు? బస్సులో దారి పొడుగునా అదే ఆలోచన.

ఆయన మీకు తెలిసే అవకాశం లేదు. చిన్నతనంలో మరమగ్గాల మీద పనిచేస్తూనే చదువుకుని, ఈ మరాఠీ ఊళ్లో మా తెలుగు నేతవాళ్ల పేటకున్న తెలుగు బడిలో పంతులయ్యారు. ఒంటరి మనిషి. మా పాత ఇంటికీ ఆయన ఖోలీకీ మధ్య ఒకటే గోడ. టీ సాసర్‌లో పోసుకుని, అది చల్లారేదాకా చూస్తూ కూర్చునేవారు. తిన్న ఒక్క పళ్లెం కడిగి కిటికీలో బోర్లించేవారు. నూలు చుట్టి వచ్చిన కాగితాలను సాఫు చేసి, మిగిలిపోయిన రంగు దారాలతో నోటుబుక్కులు కుట్టుకునేవారు.

శనివారం చివరి గంటలో మాకొక కథ చెప్పేవారు. అమ్మతో పాటు నూలు కండెలు చుట్టుకుని బతికే ఒక పిల్లకు, పేరు చెప్పని మనిషెవరో తన చేతిమగ్గం రాసిచ్చి చనిపోతారు. ఎవరు? ఎందుకు? ఆ పిల్ల పేటలో ఒక్కొక్క తలుపూ తట్టి అడుగుతూ పోతుంది. కథ కొసకు రాకముందే, పిల్లలు చాలక బడి మూతపడింది. అందరం మరాఠీ బడికి వెళ్లిపోయాం. నేను మాత్రం ఆయన కనబడ్డప్పుడల్లా అడిగేదాన్ని.

"మగ్గం ఇచ్చింది ఎవరు సార్?"

"అడిగెటోళ్లు ఉన్నన్ని దినాలు కథ ఒడవదు బిడ్డా."

సాయంత్రాలు నేను తెలుగు మరిచిపోకుండా పాత వాచకం చదువుతుంటే గోడ అవతలి నుంచి గొంతు వచ్చేది. "గట్టిగ సదువు. మాట మింగకు. పోగు తెగితే ఆగి ముడేస్తం గదా, గట్లనే ఆగి మళ్ల అందుకో." అదంతా నా ఉచ్చారణ కోసమే అనుకున్నాను.

ఇల్లు మారాక చూసిన ఆ ఒక్కసారి ఆయన హోట్గి రోడ్ బస్టాపులో కలిశారు. బాగా చిక్కిపోయారు.

"కొత్త ఇంట్ల గట్టిగనే సదువుతున్నవా?"

"ఇప్పుడేం సదువు సార్, పనికి పోతున్న."

ఆయన తలూపారు. నా బస్సు వచ్చింది. నేను ఎక్కేశాను.

మూటలో పదకొండు నోటుబుక్కులున్నాయి. కథంతా నవలగా రాశారు. రెండు ఆదివారాలు చదివాను. మగ్గం ఇచ్చింది ఆ పిల్ల పక్కింటి ముసలి నేతగాడు. ఆమె తట్టని తలుపు అదొక్కటే. చివర్లో అతని ఉత్తరం ఉంది: "నువ్వు దినాం గోడ అవతల పాఠం సదివినవు. నా ఇంట్ల ఇంకో మనిషి ఉన్నట్టే ఉండె."

మేం ఖాళీ చేశాక మా పాత ఇంట్లో తువ్వాళ్ల బేళ్లు నింపి గోడౌన్ చేశారు. ఆ గోడ పక్కన ఆయన నాలుగేళ్లు ఎలా గడిపారో నేనెప్పుడూ తలుచుకోలేదు.

మా అన్న పిల్లలకు తెలుగు అక్షరాలు రావు. అందుకని పని లేని రోజుల్లో అమ్మతో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఆ నవల చదివి వినిపించాను. వాళ్లలో చదవడం వచ్చినవాళ్లు లేరు. మగ్గం ఎవరిచ్చారని రోజూ వాదించుకున్నారు. "మేనమామే అయ్యుంటడు" అంది అమ్మ. ఇదంతా ఆయన వినలేదే అన్నదే నా బాధ.

మొన్న వాళ్లకు చివరి ఉత్తరం చదివాను. కత్తిరించిన ఆకులు చాటల్లోనే ఉండిపోయాయి. కాసేపటికి వాళ్లలో పెద్దావిడ మా పక్కింటి వైపు చూపించి, "గా ఇంట్ల ఎవరుంటరే?" అని అడిగింది.

మాలో ఎవరికీ తెలియదు. అందరం అటే చూస్తుండగా, అవతల ఎవరో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.