'తప్పు' ఫోల్డరులో ఒక్క తప్పూ లేదు

రెండేళ్ళ కిందట మార్చిలో, హిందూపురంలోని ఒక చిన్న కంపెనీలో జూనియర్ ఫీల్డ్ ఇంజినీరుగా ఉన్న నన్ను ధర్మవరం పని మీద వేశారు. మధ్యలో మా ఊరు పెనుకొండ ఉంది కాబట్టి నాకు సౌకర్యమని మేనేజరు అన్నాడు. ఆ పని సాగిన మూడు నెలల్లో నేను ఊళ్ళో దిగింది రెండుసార్లే. ఆ ఉద్యోగం ఇప్పుడు మానేశాను. చిన్న బోర్డు కంప్యూటరుతో ఏఐ పని ఎలా మొదలుపెట్టాలని అడిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

సామాను మూడు వస్తువులు: మొత్తం ఒకే బోర్డు మీద ఉండి అరచేతిలో పట్టే కంప్యూటరు, దానికో కెమెరా, ఒక బజరు. మగ్గం మీద అప్పుడే నేసిన పట్టును కెమెరా చూస్తుంది. పడుగులో, అంటే నిలువు దారాల్లో, ఒక పోగు తెగితే బజరు మోగాలి. ఇంటర్నెట్ అక్కర్లేదు, నిర్ణయం బోర్డు మీదే జరుగుతుంది.

మగ్గం నారాయణప్పది. అరవై దాటాయి, ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. తెగిన పోగు కనబడక అప్పటికే రెండు చీరల్లో సన్నని గీత పడింది. పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు, మూడోసారి కూడా అట్లాగే వస్తే తర్వాతి పడుగు వేరే ఇంటికి ఇస్తానని చెప్పేశాడు. నారాయణప్పకు వేరే పని రాదు.

మొదటి పదిహేను రోజులు మామూలు తలనొప్పులతోనే పోయాయి. బోర్డు ఉన్నట్టుండి ఆగిపోయేది. వెళ్ళి చూస్తే నేనిచ్చిన అడాప్టరు ఫోనుకు ఉంది, బోర్డుకు పాత ఫోను చార్జరు ఉంది. ఆ కరెంటు దానికి చాలదు. "మీదైతే ఫోనుకు చార్జింగ్ బిరీన ఎక్కుతాది సార్," అంది కోడలు సుజాత. అడాప్టరును బోర్డుకు టేపుతో బిగించాను. తర్వాత మెమరీ కార్డు చెడింది. ఈ బోర్డును ముందు ఆదేశమిచ్చి ఆపాలి, తర్వాతే స్విచ్ తీయాలి. నారాయణప్ప అన్నానికి లేచిన ప్రతిసారీ మెయిన్ తీసేసేవాడు. ఆపడానికి ఒక పచ్చ బటన్ పెట్టాను. దాని పక్కన ఫొటోకు ఎర్ర బటన్.

అసలు పని ఎర్ర బటన్‌ది. మంచి నేత, తప్పు నేత రెండూ వందల ఫొటోల్లో చూపిస్తేనే బోర్డులోని ఏఐ మోడలు నేర్చుకుంటుంది. మంచివి కెమెరా తనంతట తానే తీసుకుంటుంది. ఆయనకు గానీ సుజాతకు గానీ తప్పు కనబడితే నొక్కమన్నాను. అవి 'తప్పు' అనే ఫోల్డరులో చేరతాయి. ఆయన తలూపాడు. నెలాఖరుకు ఫోల్డరు నిండింది. ఒక్కటీ తెరిచి చూడకుండా మోడలుకు శిక్షణ ఇచ్చాను. ఈ పొరపాటు నాదే.

పరీక్షకు పెట్టిన రోజే ఒక పోగు తెగింది. బజరు మోగలేదు. సుజాత చూసి కేక వేసేలోపు జానెడు నేత సాగిపోయింది. అదంతా విప్పడానికి మధ్యాహ్నం పట్టింది. అప్పుడు ఫోల్డరు తెరిచాను. ప్రతి ఫొటోలోనూ వంక పెట్టడానికి లేని పట్టు.

"ఇందులో తప్పు యాడుంది పెద్దాయనా?" గొంతు పెరిగిందని ఒప్పుకుంటాను.

"యాడుంటాది? అడ్డం పేక విప్పి, తెగిన పోగు కట్టి, మళ్ళ నేసినాకే నొక్కినా."

"సరిచేసినాక నొక్కితే ఏం లాభం?"

"తప్పుండే గుడ్డకు ఎవురన్నా ఫొటో తీస్తారా అప్పా?"

సుజాత నవ్వు ఆపుకోలేకపోయింది. "పెండ్లిచూపులకు మొగం కడుక్కోకుండా కూసుంటారా సార్?"

నేను నవ్వే స్థితిలో లేను. నారాయణప్ప గొంతు తగ్గించి అన్నాడు: "ఆ ఫొటోలు షావుకారు ఫోన్లోకి పోతాయేమో, నాకెట్ల తెలుస్తాది?"

పోవని గట్టిగా చెప్పాను. తర్వాత అనుమానం వచ్చి మేనేజరుకు ఫోన్ చేశాను. నేను కార్డులో తీసుకెళ్ళే ఫొటోల నుంచి కొన్ని ఏరి, వారం వారం షావుకారుకు నివేదిక పంపుతున్నారట. "పట్టు ఆయనది, చూస్తే ఏమాయ?" అన్నాడు మేనేజరు. అరగంట వాదించి ఆ నివేదిక ఆపించాను. జరిగింది జరిగినట్టు నారాయణప్పకు చెప్పాను. "చూసినావా," అన్నాడంతే.

పడుగు చివర చీరకు చాలని మూరెడు మిగులుతుంది. దాని మీద కావాలని పోగులు తెంపి, ఒక్కోసారీ కొంచెం నేసి ఫొటో తీద్దామన్నాను. "నేను చూడలేనప్పా, టీ తాగొస్తా," అని ఆయన వెళ్ళిపోయాడు. సుజాత కత్తెర పట్టింది, మగ్గంలోనూ తనే కూర్చుంది. మేము ముగించామని కబురు పంపేదాకా ఆయన ఇంట్లో అడుగుపెట్టలేదు.

ఆ ఫొటోలతో కొత్త మోడలు ఎక్కించాను. కొత్త పడుగు మీద నేసిన చీరకు బజరు నాలుగుసార్లు మోగింది. ఒకసారి జరీ మెరుపు చూసి మోసపోయింది. మిగతా మూడుసార్లూ పోగు నిజంగానే తెగింది. షావుకారు ఆ చీరను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, ఆ తర్వాతి పడుగు కూడా నారాయణప్పకే పంపాడు.

నేను నేర్చుకున్నది ఇంతే. ఎవరినైనా వాళ్ళ పనిలో తప్పులు చూపించమని అడిగే ముందు, ఆ తప్పులు ఇంకెవరి కంట పడతాయో మనం కనుక్కుని వాళ్ళకు చెప్పాలి. నేను చెప్పలేదు. ఆయన చూపించలేదు.